ఆ ఫొటోలోది కలివికోడి కాదు

సంపాదకుల గారికి,

అయ్యా, పోయిన వారం మీ జిల్లా పేజీలో బడిపిల్లల స్టాంపుల ప్రదర్శన వార్త వేశారు, సంతోషం. కానీ 'మన కడప కలివికోడి స్టాంపు' అని రాసి, పక్కన వేసిన బొమ్మ బట్టమేక పక్షిది. అది 1980లో వచ్చిన రెండు రూపాయల ముప్పై పైసల స్టాంపు. ఆ పక్షి కావాలంటే రోళ్లపాడు అభయారణ్యం వైపు వెతుక్కోవాలి, కడపలో కాదు. నడుమెత్తు బట్టమేకకూ, జానెడు పైచిలుకు కలివికోడికీ తేడా తెలియకపోతే ఎట్లా? సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. సినిమా హీరో పేరులో పొల్లు పోతే మాత్రం తెల్లారేసరికి సవరణ వస్తుంది.

కలివికోడి స్టాంపు 1988లో వచ్చింది, ఖరీదు రూపాయి. 1900 తర్వాత ఆ పక్షి ఎవరి కంటా పడక, ఆ జాతే పోయిందనుకున్నారు. చివరికి 1986 జనవరిలో మన రెడ్డిపల్లె దగ్గర, రాత్రిపూట టార్చిలైటుతో పిట్టలు పట్టుకునే మామూలు మనిషికి దొరికింది. దాని కోసమే లంకమల అభయారణ్యం పెట్టారు. ఆ తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకాల్లో అది తిరిగే పొదలే కొన్ని పోయాయి, అది వేరే ఏడుపు.

నా దగ్గర ఆ స్టాంపులు రెండుండేవి. కడప పక్షి మీద కడప ముద్ర ఉంటే బాగుంటుందని ఆశపడి, ఒకటి కవరుకంటించి, మిగతా నాలుగు రూపాయలకు వేరే స్టాంపులు పెట్టి, నా అడ్రసుకే రాసుకుని ఒక పోస్టాఫీసుకు తీసుకెళ్లాను. "ముద్ర కాస్త శుభ్రంగా వెయ్యి నాయనా" అని బతిమాలాను కూడా. కౌంటరులోని అబ్బాయి కవరును అటూ ఇటూ తిప్పి, "ఇవి ఇంకా చెల్లుతాయా సార్?" అన్నాడు. చెల్లుతాయని నేనే చెప్పాల్సి వచ్చింది. మూడో రోజు కవరు ఇంటికొచ్చింది. ముద్ర లేదు. పక్షి మెడ మీదుగా తోక దాకా నీలం బాల్‌పెన్ను గీత! నీళ్లలో నానబెట్టి స్టాంపు ఊడదీశాను గానీ గీత పోతుందా?

తపాలా శాఖ తీరే అట్లా ఉంది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, ఇక అంతా బార్‌కోడ్ స్టిక్కర్లే. 'మై స్టాంప్' కింద డబ్బు కడితే మన మొహం కూడా స్టాంపు పక్కన అచ్చేసి ఇస్తారు. స్టాంపులు సేకరించే 6 నుంచి 9 తరగతుల పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ ఉందన్న సంగతి మాత్రం నేనడిగిన మూడు బళ్లలో ఒక్క హెడ్మాస్టరుకూ తెలియదు. అవార్డు ఫంక్షన్లకు శాలువాలు ఎక్కడ దొరుకుతాయో అందరికీ తెలుసు.

గీత పడని రెండో స్టాంపును ఫొటో తీసి దీంతో జతచేస్తున్నాను. ఈసారైనా ఈ బొమ్మే వేయండి. స్టాంపు మాత్రం పంపను, అడగొద్దు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప