గోధుమ మాన్పించే ముందు పరీక్ష చేయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక కూడా దూరపు పరుగు నేర్చుకునే పిల్లలకు శిక్షణ ఇస్తూనే ఉన్నాను. "మా అమ్మాయికి గోధుమ మాన్పించేద్దామా సార్? గ్లూటెన్ లేని తిండి తింటే ఆట మెరుగుపడుతుందట కదా!" అని తల్లిదండ్రులు ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్నారు. పత్రికల ఆరోగ్య శీర్షికల్లోనూ, ఫోన్లలో వచ్చే వీడియోల్లోనూ ఇదే మాట పదేపదే వినిపిస్తుండటంతో, నాకు తెలిసిన విషయాలను మీ పాఠకుల ముందు ఉంచడం అవసరమనిపించింది. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ఒక మాంసకృత్తు. దానివల్ల చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉన్న క్రీడాకారులు గ్లూటెన్‌ను జీవితాంతం మానవలసిందే. ఆ వ్యాధిగానీ, గోధుమ అలర్జీగానీ లేని క్రీడాకారులకు మాత్రం గ్లూటెన్ మానినందువల్ల వేగమో, బలమో, దమ్మో పెరుగుతుందని నమ్మదగిన ఆధారం ఇంతవరకూ లేదు. అయితే ఏ పిల్లలు ఏ కోవకు చెందుతారో తేలకముందే గోధుమ మాన్పించడం ఈ రెండు విషయాల కంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

ఈ నమ్మకం ఇంతగా వ్యాపించడానికి టెన్నిస్ క్రీడాకారుడు నోవాక్ జకోవిచ్ కథే ప్రధాన కారణం. 2010 ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్‌లో ఫ్రాన్స్ ఆటగాడు సోంగాతో ఆడుతూ ఆయన అస్వస్థతకు గురై, రెండు సెట్లు గెలిచి కూడా చివరికి ఓడిపోయారు. ఆ మ్యాచ్‌ను టీవీలో చూసిన ఇగోర్ చెటోయెవిచ్ అనే వైద్యుడు లోపం తిండిలోనే ఉందని భావించి, ఆ ఏడాది జూలైలో జకోవిచ్‌ను కలిశారు. పొట్టకు రొట్టెముక్క ఆనించుకోమని చెప్పి, చాచిన చేతిని కిందికి నొక్కి, చెయ్యి బలహీనపడింది కాబట్టి గోధుమ పడటం లేదని తేల్చారు. జకోవిచ్ గ్లూటెన్ మానేశారు. 2011 ఆరంభం నుంచి వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచి, ఆ ఏడాది మూడు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు సాధించి, ప్రపంచ ప్రథమ ర్యాంకు అందుకున్నారు.

ఇక్కడివరకు అందరూ చెబుతారు. ఆయన గ్లూటెన్‌తోపాటు పాల పదార్థాలను మానేశారని, చక్కెరను బాగా తగ్గించారని, అప్పటికి ఆయన వయసు ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్లేనని, 2010 డిసెంబరులో సెర్బియాకు డేవిస్ కప్ గెలిచిపెట్టిన ఉత్సాహంతో కొత్త ఏడాదిలోకి అడుగుపెట్టారని చెప్పేవారు మాత్రం తక్కువ. ఒకే మనిషి ఒకే సమయంలో ఇన్ని మార్పులు చేసుకున్నప్పుడు, ఏ మార్పు ఏ ఫలితాన్నిచ్చిందో ఆయన కూడా విడదీసి చెప్పలేరు. పొట్టకు రొట్టె ఆనించి చేసే పరీక్షకు వైద్యశాస్త్రంలో ఎలాంటి గుర్తింపూ లేదు. ఆయనకు ఆ ఆహారం సరిపడితే అంతకంటే సంతోషం లేదు. ఆయన క్రమశిక్షణ మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ ఆయన అనుభవాన్ని మన పిల్లలందరికీ మందుచీటీలా రాసివ్వడం సరికాదు.

నిజంగా తేల్చుకోవాలంటే, తినేవారికి తాము ఏం తింటున్నదీ తెలియకుండా పరీక్షించాలి. సరిగ్గా ఆ పనే డానా లిస్ అనే క్రీడాపోషకాహార నిపుణురాలి బృందం చేసి, 2015లో ఫలితాలు ప్రచురించింది. సీలియాక్ వ్యాధి లేని 13 మంది పోటీ సైక్లిస్టులను తీసుకుని, వారికి రెండు విడతలుగా ఏడేసి రోజులు గ్లూటెన్ లేని భోజనమే పెట్టారు. దానితోపాటు రోజూ తినే బార్లు ఇచ్చారు. ఒక విడతలో ఆ బార్లలో రోజుకు 16 గ్రాముల గోధుమ గ్లూటెన్ కలిపారు, మరో విడతలో కలపలేదు. పదహారు గ్రాములంటే దాదాపు 200 గ్రాముల గోధుమపిండిలో ఉండేంత గ్లూటెన్. అంటే మన ఇళ్లలో ఒక మనిషి రోజంతా తినే చపాతీలకు తక్కువేమీ కాదు. ఏ వారం ఏ బారు తింటున్నదీ సైక్లిస్టులకూ తెలియదు, కొలతలు తీసేవారికీ తెలియదు. ప్రతి వారం చివర్లో పెట్టిన 15 నిమిషాల సైకిల్ పోటీలో రెండు విడతల్లోనూ సైక్లిస్టులు చేసిన పని సగటున 245 కిలోజౌళ్ల దగ్గరే ఆగింది. కడుపు ఇబ్బందుల్లో గానీ, రక్తంలో వాపును సూచించే గుర్తుల్లో గానీ, వారు చెప్పుకున్న హాయిలో గానీ తేడా కనబడలేదు. పరీక్షకు తీసుకున్నవారు కొద్దిమందే, కాలమూ స్వల్పమే అన్నది నిజం. అయినా ఇంత జాగ్రత్తగా చేసిన ఈ పరీక్షను పక్కనబెట్టి, ఎవరో ఒకరికి బాగుందట అన్న మాటను పట్టుకోవడానికి కారణం కనబడదు. అదే బృందం 900 మందికి పైగా క్రీడాకారులను ప్రశ్నిస్తే, సీలియాక్ లేనివారిలోనే 41 శాతం మంది సగం రోజులకు తగ్గకుండా గ్లూటెన్‌కు దూరంగా ఉంటున్నామని చెప్పారు. గ్లూటెన్ పడదని తమకు తామే నిర్ధారించుకున్నవారు అందులో చాలామంది.

మరి మానినవారిలో కొందరికి కడుపు తేలికపడటం అబద్ధమా? కాదు, ఆ హాయి నిజమే కావచ్చు, దానికి వేరే కారణాలున్నాయి. గట్టిగా పరుగెత్తేటప్పుడు రక్తం కండరాలవైపు మళ్లి పేగులకు తగ్గిపోతుంది కాబట్టి, మామూలుగా అరిగే తిండి కూడా అప్పుడు ఉబ్బరం, నొప్పి తెస్తుంది. గోధుమలో గ్లూటెన్‌తోపాటు ఫ్రక్టాన్లు అనే పిండి పదార్థాలు ఉంటాయి. మన పేగు వాటిని అరిగించుకోలేదు. అవి పెద్దపేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. గ్లూటెన్ పడదని నమ్మిన 59 మందిపై నార్వేలో జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఇబ్బంది పెట్టినది గ్లూటెన్ కాదనీ ఫ్రక్టాన్లేననీ తేలింది. ఈ ఫ్రక్టాన్లు ఉల్లిపాయలో, వెల్లుల్లిలో కూడా దండిగా ఉంటాయి. కాబట్టి పోటీరోజున కడుపు ఇబ్బందిపడే పిల్లవాడికి ఏడాది పొడవునా చపాతీ మాన్పించడం కంటే, ముందురోజు రాత్రి, ఆ ఉదయం ఉల్లిపాయ కూరలు, పప్పు, సాంబారు తగ్గించి చూడటం ఎక్కువ ప్రయోజనకరం. పైగా గోధుమ మానినవారు దానితోపాటే బేకరీ పఫ్‌లు, బిస్కెట్లు, సమోసాలు, మైదా పరోటాలు కూడా మానేస్తారు. వాటిని మానడంవల్ల వచ్చే మేలును గ్లూటెన్ ఖాతాలో వేయకూడదు.

ఇక అసలు వ్యాధి సంగతి. సీలియాక్ ఉన్నవారిలో గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ కారణంగా శరీర రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు గోడనే దెబ్బతీస్తుంది. అక్కడ ఇనుము, కాల్షియం, ఫోలిక్ ఆమ్లం ఒంటబట్టవు. విరేచనాలు లేకుండా కేవలం రక్తహీనతగానో, అలసటగానో, ఎముకల బలహీనతగానో ఈ వ్యాధి దాగి ఉండగలదు. పరుగు పోటీల్లో పాల్గొనే అమ్మాయికి హిమోగ్లోబిన్ తగ్గితే మొదట దెబ్బతినేది ఆమె దమ్మే. ఇలాంటి క్రీడాకారిణికి గ్లూటెన్ లేని ఆహారం నిజంగానే ఆటను తిరిగి ఇస్తుంది.

మన దేశంలో ఈ వ్యాధి ఉత్తరాదిది అన్న భావన వైద్యుల్లో కూడా ఉంది. దానికి ఆధారం లేకపోలేదు. 2016లో ప్రచురితమైన ఒక సర్వేలో ఉత్తర భారతంలో 1.23 శాతం మందికి, దక్షిణంలో 0.10 శాతం మందికి సీలియాక్ ఉన్నట్టు తేలింది. అయితే ఈ వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు అన్ని ప్రాంతాల్లోనూ దాదాపు మూడోవంతు మందిలో ఉన్నాయని కూడా అదే సర్వే చెప్పింది. పెద్ద తేడా గోధుమ వాడకంలో కనిపించింది. ఈ వివరం మన క్రీడాకారుల విషయంలో ఆలోచించదగినది. ఇంట్లో అన్నం, జొన్నరొట్టె తిని పెరిగిన తెలుగు పిల్లలు క్రీడా హాస్టళ్లలో, పటియాలా వంటి చోట్ల జరిగే జాతీయ శిబిరాల్లో చేరాక పూటపూటా గోధుమ రొట్టె తింటారు. అందువల్ల వ్యాధి వస్తుందని నేను అనడం లేదు. ఇనుము మాత్రలు నెలల తరబడి వేసుకున్నా రక్తం పెరగని క్రీడాకారుల విషయంలో, సీలియాక్ దక్షిణాది వారికి రాదులే అని వదిలేయవద్దని మాత్రమే అంటున్నాను. మన దగ్గర రక్తహీనతకు తిండిలో ఇనుము లోపం, నెలసరి రక్తస్రావం, నులిపురుగులు వంటి కారణాలే ఎక్కువ. వాటిని చూసుకున్నాకే ఈ అనుమానం రావాలి.

సీలియాక్‌ను కనుగొనడానికి ముందుగా టీటీజీ అనే యాంటీబాడీల రక్తపరీక్ష చేస్తారు. అందులో తేడా కనబడితే సాధారణంగా ఎండోస్కోపీ ద్వారా చిన్నపేగు ముక్క తీసి పరిశీలిస్తారు. రోగి గోధుమ తింటూ ఉన్నప్పుడే ఈ పరీక్షలు సరైన జవాబు ఇస్తాయి. ముందే గోధుమ మానేస్తే కొన్ని నెలల్లో యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు గోడ మానడం మొదలవుతుంది, వ్యాధి ఉన్నా లేనట్టే ఫలితం వస్తుంది. అప్పుడు వైద్యుడు మళ్లీ కొన్ని వారాలపాటు గోధుమ తిని రమ్మంటాడు. అప్పటికే మాని హాయిగా ఉన్న పిల్ల, పోటీల మధ్యలో, ఆ బాధను తిరిగి కొనితెచ్చుకోవడానికి ఎందుకు ఒప్పుకుంటుంది? నిర్ధారణ లేకుండానే జీవితం గడిచిపోతుంది. నిర్ధారణ కానివారు మానడంలో కూడా సడలింపు ఇచ్చుకుంటారు. సీలియాక్ ఉంటే పండగ పూట ఒక పూరీ అన్నది కుదరదు; బజారు ఇంగువలో కలిపే గోధుమపిండి, మాల్ట్ పానీయాల్లోని బార్లీ, నూడుల్స్‌లో పోసే సోయా సాస్, గోధుమ ఆడిన పిండిమరలోనే ఆడించిన జొన్నపిండి కూడా హాని చేస్తాయి. మన దేశపు ఆహార భద్రతా నిబంధనల్లో గ్లూటెన్ ఫ్రీ అని రాయడానికి కిలోకు 20 మిల్లీగ్రాముల పరిమితి పెట్టారంటే, ఎంత స్వల్ప మోతాదు లెక్కలోకి వస్తుందో ఊహించవచ్చు. వందల రకాల ఆహారాలను ఒక్క రక్తపు చుక్కతో పరీక్షించి, పడనివాటి జాబితా ఇస్తామనే ఐజీజీ (ఒకరకం యాంటీబాడీ) పరీక్షలు ఈ పనికి రావు. అవి ఆ తిండి మనం తిన్నామన్న సంగతినే చూపుతాయని అలర్జీ నిపుణుల సంఘాలు ఏనాడో స్పష్టం చేశాయి.

శిక్షకులు తెలుసుకోవలసినది మరొకటి ఉంది. గోధుమ తిన్న కొద్ది గంటల్లో వ్యాయామం చేస్తే మాత్రమే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, రక్తపోటు పడిపోయే తీవ్రమైన అలర్జీ కొందరికి ఉంటుంది. విడిగా గోధుమ తిన్నా, విడిగా పరుగెత్తినా వారికి ఏమీ కాకపోవచ్చు. చాలా అరుదైనదే అయినా ఇది ప్రాణాంతకం కాగలదు కాబట్టి, మైదానంలో ఇలా జరిగితే ఎండదెబ్బ అనుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తరలించాలి, తర్వాత అలర్జీ నిపుణులకు చూపించాలి.

అవసరం లేకుండా మానడంవల్ల నష్టమేమిటని కొందరు అడుగుతారు. రోజుకు గంట నుంచి మూడు గంటలు గట్టిగా సాధన చేసేవారికి శరీర బరువులో ప్రతి కిలోకు 6 నుంచి 10 గ్రాముల పిండిపదార్థాలు కావాలి. యాభై కిలోల అమ్మాయికి అది 300 నుంచి 500 గ్రాములు. హాస్టల్ మెస్‌లో రాత్రి పూట చపాతీయే ప్రధానమైనచోట దాన్ని వదిలేసి, బదులుగా ఏమీ తినకపోతే ఆమెకు శక్తి చాలదు. అలాంటి లోటు కొనసాగితే నెలసరి ఆగిపోతుంది, ఎముకలకు సన్నని పగుళ్లు వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి దీనిని ప్రత్యేక సమస్యగా గుర్తించి హెచ్చరిస్తోంది. బరువు తగ్గాలన్న ఆరాటంతో తిండి మానుకునే పిల్లలకు గ్లూటెన్ పడదన్న మాట మంచి సాకుగా మారడం నా కళ్లతో చూస్తున్నాను. ఖర్చు సంగతీ చెప్పాలి. గ్లూటెన్ ఫ్రీ ముద్ర వేసిన బ్రెడ్లు, బిస్కెట్లు మామూలు వాటికంటే ఎంతో ఖరీదు. చాలావాటిలో మాంసకృత్తులు తక్కువ కూడా. మన బియ్యం, జొన్న, రాగి, సజ్జ, కొర్రల్లో స్వభావరీత్యా గ్లూటెన్ ఉండనే ఉండదు. సీలియాక్ లేని కుటుంబం ఆ ముద్ర కోసం రాగిపిండికి అదనంగా డబ్బు పోయడం అనవసరం. వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో కాల్షియం ఇచ్చే రాగిని రోజూ జావగానో సంకటిగానో తినమని నేను మా పిల్లలకు చెబుతాను. గోధుమను వెళ్లగొట్టడానికి కాదు, ఎముకల కోసం.

తమ పత్రికకు నాదొక విన్నపం. ప్రసిద్ధ క్రీడాకారుల ఆహారం గురించి రాసేటప్పుడు, వారు వైద్యుల నిర్ధారణ మీద గ్లూటెన్ మానారా లేక తమ ఇష్టం మీద మానారా అన్నది ఒక వాక్యంలో తప్పక చెప్పండి. రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలకు మరో విన్నపం. తమ హాస్టళ్లలో ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత, తగ్గని కడుపు సమస్యలు, ఆగిన ఎదుగుదల ఉన్న పిల్లలకు, వారింకా మామూలు భోజనం చేస్తుండగానే, టీటీజీ పరీక్ష ఉచితంగా చేయించండి. సీలియాక్ ఉందని తేలిన పిల్లలకు మెస్‌లో వేరే పిండి, వేరే పెనం ఏర్పాటు చేయండి.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
వరంగల్