ఒక్క రోజులో ఐదు గుళ్లు వద్దు

సంపాదకులకు నమస్కారం.

కార్తీకం దగ్గర పడిందంటే మా మిర్యాలగూడలో గోడల మీద, కరెంటు స్తంభాలకు, పొద్దున్నే మీ పత్రికలో పెట్టి వేసే రంగు కాగితాల మీద ఒకటే ప్రకటన. "ఒకే రోజులో పంచారామ దర్శనం." ఆదివారం రాత్రి బస్సెక్కితే సోమవారం అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట శివాలయాలు ఐదూ తిప్పి మంగళవారం తెల్లారేసరికి ఇంటి దగ్గర దింపుతారట. నేను టైలరింగ్ షాపు నడుపుకుంటాను. మా గల్లీ ఆడవాళ్లు ఎక్కడికి యాత్ర పోవాలన్నా డబ్బులు పోగు చేసేది, బస్సు మాట్లాడేది నేనే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ ఒక్కరోజు యాత్రలు మానుకుందాం. కోస్తా గుళ్లకు పోతే ఒకదానికో రెండింటికో పోదాం, అక్కడ ఒక రాత్రి నిద్ర చేసి వద్దాం.

నిద్ర చేయడం మన జిల్లాకు కొత్తేమీ కాదు. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి దగ్గరికి అమాసకు పోయినవాళ్లు రాత్రి గట్టు మీదనే పడుకుంటారు. ఇన్ని అమాసలు నిద్ర చేస్తామని మొక్కుకున్నవాళ్లు నా షాపుకొచ్చే వాళ్లలోనే ఎంతోమంది ఉన్నారు. సూర్యాపేట పక్కన పెద్దగట్టు లింగమంతుల జాతరకైతే ట్రాక్టర్లు కట్టుకుని పోయి, అక్కడే వండుకుని తిని, "ఓ లింగా" అనుకుంటూ రాత్రంతా తిరిగి వస్తాం. మన దేవుళ్ల దగ్గర ఇంత తీరికగా ఉండేవాళ్లం, కృష్ణ దాటి అటు పోగానే వాచీ చూసుకుంటూ పరుగెత్తడం ఏమిటో నాకు అర్థం కాదు.

ఒక ఏజెంటు మాట నమ్మి పోయిన యాత్ర ఎట్లా సాగిందో చెబుతాను. అమరావతిలో చీకటితోనే క్యూలో నిలబడ్డాం. భీమవరం చేరేసరికి ఎండ ఎక్కింది. అక్కడి నుంచి ప్రతి గుడి దగ్గరా ఒకటే మాట, "తొందరగా రండమ్మా, లేటైతే తర్వాతి గుడి పోతుంది" అని. షుగర్ ఉన్న మా పక్కింటి పెద్దమ్మ పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు. తాగితే మధ్యలో బస్సు ఆపమనాలి, ఆపమంటే అందరూ విసుక్కుంటారని ఆమె టెన్షన్. ద్రాక్షారామంలో దర్శనమై బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, నేను లింగాన్నే చూసిన్నో, ముందటామె కొప్పే చూసిన్నో నాకే తెల్వలే" అన్నది. ఆ మాటకు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఏడాదంతా చీటీ కట్టి దాచిన డబ్బులతో వచ్చింది ఆమె. ఇక సామర్లకోటకు పోయేసరికి గుడి తలుపులు వేసేశారు. "గోపురానికి దండం పెట్టుకోండమ్మా, ఐదూ అయిపోయినట్టే" అన్నాడు ఏజెంటు.

ఐదూ ఒక్క రోజులో చూస్తేనే పుణ్యమని కొందరి నమ్మకం. నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ బస్సులు లేని కాలంలో మన తాతల తాతలు కృష్ణ ఒడ్డు నుంచి గోదావరి అవతలి దాకా ఒక్క పగటిలో ఎట్లా పోయి ఉంటారు? కాలినడకన, ఎడ్లబండ్ల మీద పోయినవాళ్లకు పుణ్యం రాలేదా?

పైగా ఆ గుళ్లు పది నిమిషాల్లో చూసేవి కావు. భీమవరం గునుపూడిలో సోమేశ్వర లింగాన్ని చంద్రుడు ప్రతిష్ఠించాడంటారు. పౌర్ణమికి తెల్లగా ఉండే లింగం అమావాస్యకు నల్లబడుతుందని అక్కడి వాళ్లు చెబుతారు. శివుడికి పై అంతస్తులో అన్నపూర్ణమ్మ ఉంటుంది. రద్దీలో తోసుకుంటూ వచ్చిన మా బస్సు వాళ్లలో సగం మంది ఆ మెట్లే ఎక్కలేదు. ద్రాక్షారామంలో, సామర్లకోటలో లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తు దాకా పోతుంది, అభిషేకం జరిగేది పైన. కిందనే చూసి బయటపడితే స్వామిని సగమే చూసినట్టు. ద్రాక్షారామంలో మాణిక్యాంబ అమ్మవారు ఉన్నది, మన అలంపురం జోగులాంబ లాగే అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. ఆమె దగ్గర కూర్చుని కుంకుమార్చన చేయించుకోవాలని ఏ ఆడమనిషికి ఉండదు? పాలకొల్లు గోపురం తొమ్మిది అంతస్తులు, 120 అడుగులు. మేం మాత్రం దాన్ని బస్సు కిటికీలోంచి చూశాం.

మన దగ్గరే చూడండి. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరుడి మీద పగలంతా స్తంభం నీడ పడుతూనే ఉంటుంది, సూర్యుడు ఎటు తిరిగినా ఆ నీడ కదలదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసినవాళ్లకు కదా అందులోని మహిమ తెలిసేది. బయటి జిల్లాల వాళ్లు కారు దిగి, ఫొటో తీసుకుని పోతుంటే నాకు బాధేస్తుంది. అటువైపు గుళ్లలో మనం చేస్తున్నదీ అదే.

కోస్తాలో కార్తీక సోమవారాలే పండుగలు కావు. మా చిన్న కోడలిది కోనసీమ. సంక్రాంతికి వియ్యాలవారు పిలిస్తే పోయి జగ్గన్నతోట ప్రభల తీర్థం చూశాను. ప్రభలంటే శివుణ్ణి మధ్యలో పెట్టి ఊరేగించే ఎత్తైన వెదురు చట్రాలు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజే పదకొండు ఊళ్ల శివుళ్లు గుళ్లు వదిలి అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర కొబ్బరితోటలో కలుసుకుంటారు. ఏకాదశ రుద్రులంటారు వాళ్లను. ఆ తోటలో గుడి లేదు. వచ్చిన ప్రభలే గుళ్లు.

బట్ట కుట్టి బతికేదాన్ని కాబట్టి నా చూపు ముందు ప్రభల మీది బట్ట మీదికే పోయింది. వెదురు బద్దలు వంచి కట్టిన చట్రం మీద ఎక్కడా వెదురు కనిపించకుండా కొత్త గుడ్డలు బిగించారు. ఒక్క ముడత లేదు. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన ఆకుపచ్చ, అంచుల వెంట రంగు నూలు, గంటలు, నెమలి ఈకలు, కొత్త వరి కంకులు. మధ్యలో స్వామి. ఇంత ఎత్తు ప్రభను బండి మీద పెట్టరు, మనుషులు భుజాల మీదనే మోస్తారు. "అశ్శరభ శరభ" అని అరుచుకుంటూ వరి చేలలో నుంచే వస్తారు. పంట తొక్కారని ఏ రైతూ అనడు, స్వామి తన చేలో నడిచాడని సంతోషపడతాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలువ నీళ్లలో దిగి దాటి వస్తాయి. అవి ఒడ్డెక్కేటప్పుడు మా వియ్యపురాలు నా భుజం పట్టుకుని, "చూడండి వదినగారూ, మా పిల్లలు ఒక్క పక్కకి కూడా ఒరగనివ్వరండి" అన్నది. ఆ ప్రభల తీర్థాన్నే 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా చూపించారు. ఇంత పండుగ జరుగుతుంటే మన జిల్లా నుంచి దానికోసం ఒక్క బస్సు పోయినట్టు నేను వినలేదు.

అంతర్వేది సంగతీ అంతే. యాదగిరిగుట్ట, మట్టపల్లి, వాడపల్లి నరసింహస్వాములను కొలిచే జిల్లా మనది. గోదావరి సముద్రంలో కలిసే చోట అంతర్వేదిలో ఉన్నదీ ఆ లక్ష్మీనరసింహుడే. మాఘ శుద్ధ దశమి రాత్రి కళ్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం, పౌర్ణమికి సముద్రంలో చక్రస్నానం. రథం మీద ఊరేగుతూ స్వామి తన చెల్లెలు గుర్రాలక్క గుడి దగ్గర ఆగి చీర, సారె పెట్టి పోతాడు. దేవుడంతటివాడు ఆడపడుచును మరిచిపోకుండా చీర పెట్టి పోవడం మా గల్లీలో చెబితే, అది చూడాలని అడగని ఆడమనిషి లేదు. 2020 సెప్టెంబరులో అక్కడి పాత రథం కాలిపోయినప్పుడు మేమూ ఏడ్చాం. కొన్ని నెలల్లోనే కొత్త రథం తయారై 2021 మాఘంలో కదిలింది.

మరి పోవడం ఎట్లా అంటారా? నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ నల్లగొండ, మిర్యాలగూడ మీదుగానే పోతుంది. రాత్రి ఎక్కి పడుకుంటే పొద్దునకు భీమవరం, ఆ తర్వాత పాలకొల్లు, చివరికి నర్సాపురం. అక్కడ పంటు అనే పెద్ద పడవ మీద గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కడి నుంచి అంతర్వేదికి బస్సులు, ఆటోలు. ఒకే రైలు దారిలో రెండు ఆరామాలు, ఒక నరసింహ క్షేత్రం. భీమవరంలోనో పాలకొల్లులోనో గది తీసుకుంటే ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. కానీ మాలాంటి ముసలీ ముతకకు రైల్లో బాత్రూం ఉంటుంది, నడుం వాల్చే చోటు ఉంటుంది. రెండు రాత్రులు బస్సు సీట్లో కూర్చుని వచ్చాక మోకాళ్ల నొప్పులకు డాక్టరు దగ్గర పెట్టిన డబ్బులతో పోలిస్తే గది కిరాయి ఎక్కువేం కాదు.

ఇంకో ముఖ్యమైన మాట. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో గోడ కూలి క్యూలో ఉన్న ఏడుగురు చనిపోయారు. అదే ఏడాది నవంబర్ 1న కార్తీక ఏకాదశి నాడు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో తొక్కిసలాటలో తొమ్మిది మంది పోయారు, వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. సింహాద్రి అప్పన్న నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే, మిగతా ఏడాదంతా స్వామి చందనంలోనే ఉంటాడు. ఆ రోజు జనం పోటెత్తుతారు, తప్పదు. పంచారామాలకు ఆ ఇబ్బంది లేదు కదా. కార్తీకం నెలంతా ఉంది, లింగం ఏడాదంతా ఉంది. అందరం ఆ నాలుగైదు సోమవారాల్లోనే ఒకరినొకరం తోసుకోవాల్సిన అవసరం ఏముంది? బుధవారమో గురువారమో పోతే శివుడు వద్దంటాడా?

ఆర్టీసీ డిపోల వాళ్లకు, ట్రావెల్స్ వాళ్లకు చేతులెత్తి మొక్కి అడుగుతున్నాను. ఐదు గుళ్ల ప్యాకేజీ పక్కన రెండు గుళ్లు, ఒక రాత్రి నిద్ర ఉండే ప్యాకేజీ కూడా పెట్టండి. కనుమకు ఒక బస్సు, భీష్మ ఏకాదశికి ఒక బస్సు వేసి చూడండి. ఎక్కేవాళ్లను నేను తెస్తాను.

మీ పత్రికకూ ఒక విన్నపం. కోస్తా పండుగల ఫొటోలు మీరు అయిపోయిన మర్నాడు వేస్తారు. చూసి "అయ్యో, పోతే బాగుండేది" అనుకోవడమే మాకు మిగులుతుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. అంతకంటే ముందే ఫలానా తిథికి ఫలానా చోట ఏముంది, కళ్యాణం ఏ వేళకు, ఏ స్టేషన్‌లో దిగాలి, రాత్రి ఉండటానికి సత్రాలున్నాయా అన్నది మా జిల్లా పేజీలో వేయండి. అంతర్వేది కళ్యాణంతో మొదలుపెడితే మా పెద్దమ్మకు కింది బెర్త్ దొరికేటట్టు ముందే టికెట్ తీస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా