పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్లు చేసిన పని రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక నెల్లూరు ఎడిషన్ రోజూ చదివేవాణ్ణి. ట్రంకు రోడ్డు దగ్గర ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా పనిచేస్తున్నాను. సినిమావాళ్లు ఎవరైనా చనిపోతే ఊళ్లో ఆ కబురు ముందుగా తెలిసేది మాకే, ఎందుకంటే అభిమానులు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం మొదట ఫోన్ చేసేది మా షాపుకే. ఇన్నేళ్లుగా చూసింది మనసులో పెట్టుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కళాకారుడు పోయినప్పుడు ఆయన బతికినన్నాళ్లూ ఏం చేశాడో రాయండి, ఆస్పత్రి గదిలో చివరి గంట ఎలా గడిచిందో మాకు వద్దు. మనిషి ఊపిరితో ఉండగానే పోయాడని మాత్రం ఎవరూ రాయకుండా మీలాంటి పెద్ద పత్రికలు గట్టిగా నిలబడాలి.

2023 మే నెల మొదట్లో నటుడు శరత్‌బాబు గారు పోయారని ఫోన్లలో ఒకటే పోస్టులు. మధ్యాహ్నం ఒక పెద్దాయన షాపుకొచ్చి ఫోటో ఇచ్చి ఫ్లెక్సీ చేయమన్నారు. ఏ చానెల్లో చూశారన్నా అని అడిగితే ఏదో వీడియో చూపించారు, దాని మీద దండేసిన ఫోటో ఉంది, లోపల మాత్రం ఎవరు చెప్పారన్న మాట ఒక్కటి లేదు. కుటుంబం వాళ్లు చెప్పేదాకా ఆగుదాం అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, "ఏందబ్బయ్యా, అందరూ పెట్టేస్తా ఉంటే మనమే ఆలస్యం" అన్నారు. కాసేపటికి ఆ వార్త అబద్ధమని, ఆయనకు ఆస్పత్రిలో వైద్యం జరుగుతోందని ఇంటివాళ్లే చెప్పారు. ఆ పెద్దాయన అక్కడే స్టూలు మీద కూలబడి, "బతికుండంగానే నా చేత్తో దండేయించబోయినానే" అని ఏడ్చారు. అదే నెల 22న శరత్‌బాబు గారు నిజంగానే కన్నుమూశారు. ఆ రోజు ఆ పెద్దాయన మళ్లీ ఫోన్ చేసి మొదట అడిగిన మాట, "ఈసారి నిజమేనా?"

నన్ను బాధ పెట్టింది ఆ ప్రశ్నే. ఇష్టమైన మనిషి పోయాడని తెలిసిన క్షణంలో ఏడుపు రావాలి, దానికి బదులు అనుమానం వస్తోంది. ఫోన్ తీసి నాలుగు చోట్ల వెతికి, ఎవరినో అడిగి, అది ఖాయమయ్యేసరికి దుఃఖం పడే సమయం దాటిపోతోంది. అబద్ధపు వార్త రాసేవాళ్లు అభిమానుల దగ్గర లాక్కునేది ఇదే, దీనికి లెక్క ఎవరూ కట్టరు.

నటుడు కోట శ్రీనివాసరావు గారి విషయంలోనూ ఇంతే కదండీ. 2023 ఉగాది ముందు రోజు, ఆయన పోయారని పుకారు పుట్టిస్తే, బందోబస్తుకని పోలీసులు ఏకంగా ఇంటికే వచ్చేశారు. నేను బాగానే ఉన్నాను, ఇలాంటివి నమ్మొద్దు అని ఆ వయసులో ఆయనే వీడియోలో కనిపించి చెప్పుకోవాల్సి వచ్చింది. పండగ పూట ఎనభై ఏళ్ల మనిషికి ఆ టెన్షన్ ఎందుకు పెట్టాలి? ఆ తర్వాత రెండేళ్లకు పైగా ఉన్నారు ఆయన. 2025 జూలై 10న 83వ పుట్టినరోజు, 13న మరణం. ఆ ఆదివారం మా షాపులో పొద్దున్నే మొదలైన ఫోన్లన్నీ అదే ప్రశ్నతోనే మొదలయ్యాయి.

గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి, అదే మన బాలు గారి, ఆఖరి రోజులు నెల్లూరులో ఎవరూ మరిచిపోలేదు. 2020 ఆగస్టు 5న కరోనా కొద్దిగానే ఉంది, కంగారు పడొద్దని ఆయనే వీడియో పెట్టి ఆస్పత్రిలో చేరారు. అప్పటి నుంచి సెప్టెంబరు 25 దాకా ఊరు ఊరంతా ఆస్పత్రి బులెటిన్ కోసం ఎదురుచూసింది. మధ్యలో ఎన్నిసార్లు చంపారో ఆయన్ని! కొడుకు చరణ్ గారు తండ్రి పరిస్థితి చూసుకుంటారా, ఈ పుకార్లకు జవాబు చెప్పుకుంటారా? సంతపేటలో ఒకామె, మా షాపు యజమానికి చుట్టం, ఆ నెలన్నర రోజులూ టీవీ పెట్టనివ్వలేదు ఇంట్లో, వార్త ఏదైనా పేపర్లో వస్తేనే నమ్ముతాను అనేది. ఇప్పటికీ చాలామందికి ఆ నమ్మకం పేపరు మీదే ఉంది, అందుకే మీకు రాస్తున్నాను.

ఇక్కడే ఇంకో మాట. సినిమావాడు పోతే మీరెందుకు ఏడుస్తారు, వాళ్లు మీకేమవుతారు అని చదువుకున్నవాళ్లు కూడా అడుగుతుంటారు. ఏమీ కారు, నిజమే. మన పెళ్లికి రాలేదు, మనింట్లో అన్నం తినలేదు. కానీ రాత్రి డ్యూటీలో ఉన్న వాచ్‌మన్‌కి, మద్రాసు రోడ్డు మీద లారీ నడిపేవాడికి, పురుడు పోసుకుని పుట్టింట్లో పడుకున్న ఆడపిల్లకి తోడుగా ఉన్న గొంతు అది. ఇంట్లోవాళ్లు లేని వేళల్లో పక్కనున్నది ఆ గొంతే. అలాంటి మనిషి పోతే ఏడవడంలో తప్పేముంది? ఒక ఆటో ఆయన ఏటా సెప్టెంబరు 25కి మా దగ్గర బాలు గారి ఫ్లెక్సీ చిన్న సైజులో వేయించుకుంటారు. సొంత డబ్బు. కింద మీ పేరు వేయమంటారా, ఫోటో పెట్టమంటారా అంటే వద్దంటారు, ఆయన బొమ్మ ఉంటే చాలు, నాదెందుకు అంటారు. చాలా ఫ్లెక్సీల్లో పోయినాయన ఫోటో ఒక మూలకి పోయి, సంతాపం చెప్పేవాళ్ల ఫోటోలు వరుసలు వరుసలుగా ఉంటాయి. అవి డిజైన్ చేసేటప్పుడు నాకు చెయ్యి ఆడదు. పేపర్లో సంతాప వార్త కూడా అలాగే ఉంటోందండీ. మంత్రి గారు, మాజీ మంత్రి గారు, ఫలానా హీరో గారు సంతాపం తెలిపారని ముప్పావు భాగం. ఆయన ఏం పాడాడు, ఏం నటించాడు అన్నది చివర్లో రెండు వాక్యాలు.

ఎలా రాయాలో మళ్లీ బాలు గారినే చూడండి. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచి ఆయన చేసిందేమిటి? పిల్లవాడు పాట పాడగానే మార్కులు వేసి పంపించలేదు. ఈ పాట రాసింది ఎవరు, బాణీ కట్టింది ఎవరు, ఆ రోజు రికార్డింగులో ఏం జరిగింది, ఈ చరణంలో ఘంటసాల గారు ఏ అక్షరం దగ్గర ఎంత ఒత్తు పెట్టారు అని చెప్పేవారు. అప్పటికే పోయి ఎన్నో ఏళ్లయిన సంగీత దర్శకుల పేర్లు ఆ కార్యక్రమం వల్లే మా తరానికి తెలిశాయి. తనను సినిమాల్లోకి తెచ్చిన సంగీత దర్శకుడు కోదండపాణి గారి పేరు ఆయన ఎన్నిసార్లు తలుచుకున్నారో! పోయినవాళ్లను గుర్తుపెట్టుకోవడమంటే ఇది. వాళ్ల పని పేరు పెట్టి చెప్పడం.

ఆ కొలతతో బాలు గారి గురించే రాస్తే ఎంత ఉంది! హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి అబ్బాయి. గూడూరులో పాటల పోటీలో ఆయన పాట విని, నువ్వు సినిమాల్లో పాడొచ్చని ఎస్.జానకి గారు ప్రోత్సహించిన సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. తెలుగు, హిందీ, తమిళం, కన్నడం, ఈ నాలుగు భాషల్లో కలిపి ఆరు జాతీయ అవార్డులు. పాటలో హీరో ఎవరో కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు, ఎవరికి పాడితే వాళ్ల గొంతే. 'దశావతారం' తెలుగులో కమల్ హాసన్ వేసిన పది పాత్రల్లో ఏడింటికి ఆయనే డబ్బింగ్ చెప్పారు, ముసలావిడ పాత్రతో సహా. 2020 ఫిబ్రవరిలో, అంటే పోవడానికి ఏడు నెలల ముందు, నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఉన్న సొంత ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆ తర్వాత మన ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు, మంచి పని. మా షాపుకు ఆర్డర్ ఇచ్చే కుర్రాళ్లలో చాలామందికి ఈ రెండూ తెలియవు. వాళ్లకు తెలిసిందల్లా ఎన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారన్నది, ఎందుకంటే అప్పట్లో అన్ని చోట్లా అదే వచ్చింది.

బాలు గారికైనా జనం ఉన్నారు. వెన్నెలకంటి గారి సంగతి చూడండి. నెల్లూరు మనిషి, స్టేట్ బ్యాంకు ఉద్యోగం నుంచి సినిమా పాటలు రాయడం వైపు వచ్చారు. 2021 జనవరి 5న గుండెపోటుతో పోయారు, బాలు గారు పోయి నాలుగు నెలలు కూడా కాలేదు. ఆ రోజు మా షాపుకు ఆయన కోసం ఒక్క ఫోన్ రాలేదు. నేను రెండు మూడు పేపర్లు తిరగేసి చూశాను, ఎక్కడా ఆయన పాటల గురించి నాకు తృప్తి కలిగేంత లేదు. 'ఆదిత్య 369'లో 'రాసలీల వేళ' పాట తెలియని తెలుగువాళ్లు తక్కువ. రాసింది వెన్నెలకంటి గారు. పాడిన ఇద్దరిలో ఒకరు బాలు గారు, ఆ సినిమాకు సమర్పకులు కూడా ఆయనే. సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు పుట్టింది మన ఉదయగిరిలో. 1991లో వచ్చిన ఒకే ఒక్క పాటలో మన జిల్లా వాళ్లు ముగ్గురు! ఈ మాట నేను షాపులో చెబితే నిజమా అన్నా అని ఆశ్చర్యపోతారు. ఇది జిల్లా పేజీలో రావాల్సిన వార్త కాదా? తమిళం నుంచి వచ్చే సినిమాలకు వెన్నెలకంటి గారు రాసిన తెలుగు పాటలయితే లెక్కలేనన్ని. అక్కడి నటుడి పెదవి కదలికకు తగ్గట్టు మన మాట దొరికించడం ఎంత కష్టమో ఎవరైనా రాస్తే చదవాలని నాకు చాలా కోరిక.

ఇలా రాయాల్సిన మన జిల్లా పాతవాళ్లలో పాటలు రాసిన మంగళంపాడు ఆత్రేయ గారున్నారు, విలన్ వేషాల కావలి రాజనాల గారున్నారు, హాస్యనటుడు రమణారెడ్డి గారున్నారు. ప్రకాశం వైపు పోతే ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారికి 2025 సెప్టెంబరు 7కి నూరేళ్లు నిండాయి, నటన, పాట, కథలు, దర్శకత్వం అన్నీ చేసిన మనిషి. అద్దంకి వైపు కొమ్మినేనివారిపాలెం నుంచి వచ్చిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు 2013 డిసెంబరులో పోయారు, ఆయన లెక్చరర్ వేషాలు చూసి ఇప్పటికీ పిల్లలు నవ్వుతుంటారు, కానీ పేరు అడిగితే చెప్పలేరు.

సినిమాల్లోకి పోనివాళ్లను మరిచిపోవద్దని కూడా అడుగుతున్నాను. టౌన్‌హాల్లో, పల్లెల్లో తిరునాళ్లకు పద్య నాటకాలు ఆడినవాళ్లు, హార్మోనియం వాయించినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల ఇళ్లవాళ్లు కర్మకాండ రోజుకి ఫ్లెక్సీ చేయించడానికి మా దగ్గరకే వస్తారు. చేతిలో ఆధార్ కార్డు ఫోటో తప్ప ఇంకేమీ ఉండదు, దాన్ని పెద్దది చేస్తే మొహం చెదిరిపోతుంది. ఈమధ్య ఒకమ్మాయి వచ్చింది, వాళ్ల నాయన రంగస్థల కళాకారుడని రాయమంది. ఏ వేషాలు వేసేవారమ్మా అంటే, "నక్షత్రకుడు అన్నా, మా నాయన వస్తే హరిశ్చంద్రుడి కంటే ఎక్కువ చప్పట్లు పడేయంట" అంది. సరే, ఫ్లెక్సీ మీద పేరు కింద నక్షత్రక పాత్రధారి అని పెద్ద అక్షరాలతో వేశాను. ఆ అమ్మాయి దాన్ని చాలాసేపు చూసింది. పేపర్లో వేయించాలని కూడా ఆ పిల్లకు ఆశ ఉంది, కానీ ప్రకటనకయ్యే ఖర్చు వాళ్లు పెట్టుకోలేరు. ఇలాంటివాళ్లకు జిల్లా పేజీలో డబ్బు తీసుకోకుండా నాలుగు వాక్యాలు ఇవ్వలేరా? ఎక్కడ ఆడారు, ఏ వేషం వేశారు, గురువెవరు, అంతే. వాళ్ల గురించి ఇంకెక్కడా వెతికినా దొరకదు, మీరు వేయకపోతే ఆ మనిషి ఆడిన ఆట ఎక్కడా నమోదు కాదు.

కాబట్టి నా కోరిక ఇది. ఎవరైనా పోయారని తెలిస్తే ఇంటివాళ్లు చెప్పేదాకా ఆగి వేయండి, ఒక పూట ఆలస్యమైనా మేం ఏమీ అనుకోం. పుకారు వచ్చిన రోజు అది అబద్ధమని మొదటి పేజీలోనే వేయండి, లోపలెక్కడో వేస్తే ఎవరూ చూడరు. పుట్టిన తేదీ, ఊరు సరిచూసి వేయండి, మేం ఫ్లెక్సీ మీద అవే వేస్తాం, తప్పు పడితే ఊరంతా అదే తప్పు నిలబడిపోతుంది. జిల్లా కళాకారుల వివరాలు పంపడానికి కుటుంబాలకు ఒక ఫోన్ నంబరు ఇవ్వండి.

వచ్చే జనవరి 5న వెన్నెలకంటి గారి గురించి అర పేజీ వేస్తే బాగుంటుంది. ఆయన పాటల వివరాలు సినిమా పేరు, సంవత్సరంతో సహా మేం కొంతమందిమి కూర్చుని రాస్తున్నాం, కావాలంటే డిసెంబరులోనే మీ ఆఫీసుకు తెచ్చి ఇస్తాం, మీవాళ్లు మరొకసారి సరిచూసుకోవచ్చు. ఆయన ఫోటో మంచిది సంపాదించాం, పేపరు సైజుకు సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు