పైలట్ తప్పు అని రాసేసి వదిలేయకండి, ఆ తప్పు ఎలా జరిగిందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎక్కడ విమానం కూలినా మర్నాడు పొద్దున్నే "పైలట్ తప్పిదమేనా?" అని పెద్దక్షరాలతో వేయడం మన పేపర్లకీ టీవీలకీ అలవాటైపోయింది, మీ పేపర్ కూడా అందులో ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నా. అహ్మదాబాద్ ప్రమాదం సంగతే చూడండి, 2025 జూన్ 12న 260 మంది పోయారు, నెల తర్వాత 15 పేజీల ప్రాథమిక రిపోర్టు వచ్చింది, ఇంజిన్లకి ఇంధనం ఇచ్చే స్విచ్‌లు రెండూ ఒక సెకను తేడాతో కటాఫ్‌లోకి, అంటే ఇంధనం ఆగిపోయే స్థానంలోకి వెళ్ళాయని, ఎందుకు ఆపేశావని ఒక పైలట్ అడిగితే నేను ఆపలేదని రెండో ఆయన అన్నాడని అందులో ఉంది, ఎవరు అడిగారో ఎవరు జవాబిచ్చారో కూడా చెప్పలేదు, కానీ ఆ రోజే టీవీల్లో తీర్పులు ఇచ్చేశారు. చనిపోయిన కెప్టెన్ తండ్రి అంత ముసలితనంలో సుప్రీంకోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. చాలా బాధేసింది అండీ.

పైలట్లు తప్పులు చేయరని నేను అనట్లేదు, చేస్తారు, చాలా ప్రమాదాల్లో అదే కారణం. కానీ అసలు దర్యాప్తు అక్కణ్ణుంచే మొదలవ్వాలి, మనం మాత్రం అక్కడే ఆపేస్తున్నాం.

2010 మే 22 మంగళూరు ప్రమాదం గుర్తుందా. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం పొద్దున ఆరింటికి రన్‌వే దాటిపోయి లోయలో పడింది, 158 మంది చనిపోయారు, 8 మందే బతికారు. అందరూ కెప్టెన్ తప్పు అన్నారు, నిజమే, రిపోర్టు కూడా అదే చెప్పింది. మరి ఆ రిపోర్టులో మిగతావి ఎంతమంది చదివారు? ముందు రోజు రాత్రి మంగళూరు నుంచి దుబాయ్ వెళ్ళింది ఆ ఇద్దరు పైలట్లే, వెంటనే తిరుగు ప్రయాణంలో కూడా వాళ్ళే, కాక్‌పిట్ రికార్డింగ్‌లో గంటా నలభై నిమిషాల పాటు మాటలే లేవు, కెప్టెన్ గురక వినిపించింది. మనిషి ఒంటికి నిద్ర బాగా ముంచుకొచ్చే టైములో అంతసేపు పడుకుని లేస్తే బుర్ర వెంటనే పని చేయదు, నైట్ డ్యూటీ చేసిన వాళ్ళందరికీ ఇది తెలుసు. దానికి తోడు రెండు రోజుల ముందే మంగళూరు రాడార్ పాడైంది, అందుకే విమానాన్ని ఆలస్యంగా కిందకి దించడం మొదలుపెట్టారు, రన్‌వే దగ్గరికొచ్చేసరికి ఉండాల్సిన దానికంటే చాలా ఎత్తులో ఉంది, స్పీడూ ఎక్కువే. 8 వేల అడుగుల రన్‌వే మీద 5200 అడుగులు దాటాక చక్రాలు నేలకి తగిలాయి. పక్కనున్న కో-పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నాడు, అంటే దిగడం ఆపేసి పైకి లేపి ఇంకో చుట్టు తిరిగి రావడం, కానీ కంట్రోల్ తన చేతిలోకి తీసుకోలేదు. ఇప్పుడు చెప్పండి, ఇందులో ఒక్క మనిషి తప్పు ఎంత, ఆ డ్యూటీ వేసినవాళ్ళది ఎంత, రాడార్ పాడైనప్పుడు ఏం చేయాలో చూసుకోనివాళ్ళది ఎంత?

పదేళ్ళ తర్వాత 2020 ఆగస్టు 7న కోళికోడ్, అదే కంపెనీ, మళ్ళీ మంగళూరులోలాగే టేబుల్‌టాప్ రన్‌వే, అంటే చివర్లో లోయ ఉండే ఎత్తైన గుట్ట మీది రన్‌వే, వర్షం, వెనక నుంచి గాలి, అక్కడా కో-పైలట్ గో అరౌండ్ అన్నాడు, అక్కడా కెప్టెన్ వినలేదు, ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు. ఆ కెప్టెన్ అంత మొండిగా ఎందుకు దిగాడు అని దర్యాప్తు చేసినవాళ్ళు తవ్వితే మర్నాడు పొద్దున కోళికోడ్ నుంచి ఇంకో ఫ్లైట్ ఆయనే నడపాలి, అక్కడ సరిపడా కెప్టెన్లు లేరు, అది కంపెనీ పోస్టింగుల విధానంలో లోపం అని రిపోర్టులో స్పష్టంగా రాశారు. ఈ ముక్క మన తెలుగు పేపర్లలో మొదటి పేజీలో వచ్చినట్టు నాకు గుర్తులేదు.

పెద్దాయన తప్పు చేస్తుంటే పక్కవాడు ఆపలేకపోవడం మన దేశంలోనే కాదు. 1977లో స్పెయిన్‌కి చెందిన టెనెరీఫ్ దీవిలో పొగమంచులో రెండు జంబో విమానాలు గుద్దుకుని 583 మంది పోయారు, ఆ రన్‌వే మీద ఇంకో విమానం ఉందేమో అని ఫ్లైట్ ఇంజినీర్ అడిగాడు కూడా, కెప్టెన్ కొట్టిపారేశాడు. కేఎల్‌ఎమ్ అనే డచ్ విమాన కంపెనీలో మిగతా పైలట్లకి ట్రైనింగ్ ఇచ్చే పెద్ద కెప్టెన్ ఆయన. అలాంటివి జరిగాకే కాక్‌పిట్‌లో చిన్నవాడు గట్టిగా చెప్పాలి, పెద్దవాడు వినాలి అని ప్రపంచమంతా ట్రైనింగులు మొదలయ్యాయి. సార్ అన్నాక ఎదురు చెప్పకూడదు అని పెరిగిన మన పిల్లలకి ఆ ట్రైనింగ్ ఇంకా ఎక్కువ కావాలి అని నా అభిప్రాయం.

తప్పుని సరిగ్గా అర్థం చేసుకుంటే ఎంత తేలిగ్గా ఆపొచ్చో చెప్పే సంగతి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక పైలట్లు ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందకి దించే పలకలు) మూయబోయి చక్రాలు లోపలికి లాగేసేవాళ్ళు, విమానం పొట్ట నేలకేసి కొట్టుకునేది, అన్నీ పైలట్ తప్పులే అని రాసుకునేవాళ్ళు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్ట్ వెళ్ళి చూస్తే రెండు మీటలూ పక్కపక్కనే ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం తగిలించారు, ఫ్లాప్స్ మీటకి రెక్క ఆకారం పెట్టారు, ఆ ప్రమాదాలు ఆగిపోయాయి. ఇప్పటికీ విమానాల్లో చక్రాల మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది. పైలట్లని సస్పెండ్ చేసుకుంటూ పోయి ఉంటే ఎన్నేళ్ళైనా ఆగేవి కావు.

మా జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళలో గల్ఫ్‌కి పోని ఇల్లు తక్కువ, అటు పోయే ఫ్లైట్లు, వచ్చేవి చాలావరకు అర్ధరాత్రి తెల్లవారుజామునే ఉంటాయి, అందుకే ఇది నాకు దూరపు విషయం కాదు. మన దేశంలో విమానాల భద్రత చూసే డీజీసీఏ కొత్త రూల్స్ పెట్టింది, పైలట్‌కి వారానికోసారి ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48 కి పెంచారు, రాత్రి ల్యాండింగులు 6 నుంచి 2 కి తగ్గించారు, 2025 నవంబర్ 1 నుంచి పూర్తిగా అమలు అన్నారు. డిసెంబర్‌లో ఇండిగో ఫ్లైట్లు వేలల్లో రద్దై శంషాబాద్‌లో జనం అవస్థలు పడేసరికి ఆ కంపెనీకి ఫిబ్రవరి 10 దాకా రాత్రి రూల్స్ నుంచి సడలింపు ఇచ్చారు. ఆ రోజుల్లో పేపర్లన్నీ ప్రయాణికుల కష్టాలు రాశాయి, రాయాల్సిందే, కానీ ఆ రూల్స్ ఎందుకు పుట్టాయో, మంగళూరులో ఏం జరిగిందో గుర్తుచేసినవి ఎన్ని? రూల్స్ ఏడాది ముందే తెలిసి కూడా కావలసినంతమంది పైలట్లని పెట్టుకోలేదని గట్టిగా అడిగినవి ఎన్ని?

కాబట్టి నా విన్నపం ఇది. మంగళూరు, కోళికోడ్ రిపోర్టుల్లో చివర చేసిన సిఫార్సులు ఒక్కొక్కటీ తీసుకుని ఏది అమలైంది ఏది కాలేదు అని డీజీసీఏని అడిగి మీ పేపర్లో వేయండి, ఆదివారం అనుబంధంలో రెండు పేజీలు ఇచ్చినా చాలు. విశ్రాంతి రూల్స్‌కి మళ్ళీ ఎవరైనా సడలింపు అడిగితే ఆ వార్త బిజినెస్ పేజీలో మూలన కాకుండా మొదటి పేజీలో పెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
జగిత్యాల