పగటి కరెంటు పగలే పొలానికి అందాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సాయంత్రం వేళ పెరుగుతున్న విద్యుత్ డిమాండును తట్టుకోవాలంటే బొగ్గుతో నడిచే కొత్త థర్మల్ కేంద్రాలు తప్పవని అధికారులు చెప్పినట్లు పది రోజుల క్రితం మీ పత్రికలో చదివాను. నంద్యాల జిల్లాలో బోరు కింద వరి పండించే నాకు ఆ మాట మింగుడుపడలేదు.

మా జిల్లాలోని గని, పక్క కర్నూలు జిల్లాలోని శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అక్కడ కరెంటు పుట్టేది ఎండలో. వ్యవసాయానికి తొమ్మిది గంటలూ పగలే ఇస్తామన్న హామీ ఉన్నా, పగలు కరెంటు కోత పెట్టిన గంటలను మాకు రాత్రి ఎనిమిది దాటాక సర్దుతున్నారు. గత నెల టార్చి పట్టుకుని పొలానికి వెళ్తే మోటారు మూలుగుతోంది గానీ పైపులో నీళ్లు లేవు, స్టార్టరు డబ్బా చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. లో ఓల్టేజీకి కాలిపోయిన ఆ మోటారును పైకి లాగి వైండింగు కట్టించేసరికి ఆరు రోజులు పట్టింది, ఈలోగా మడి నెర్రెలిచ్చింది. లైన్‌మన్‌ను అడిగితే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) అడగమన్నారు, ఏఈని అడిగితే షెడ్యూలు పైనుంచి వస్తుందన్నారు. ఆ పైన ఉన్నదెవరో ఇప్పటికీ తెలియలేదు.

మా జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఉంది. పగలు మిగిలిన కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎత్తి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఇళ్లకు, ఆసుపత్రులకు అది కావలసిందే. కానీ అలా దాచిన నాలుగు యూనిట్లలో తిరిగి చేతికొచ్చేవి దాదాపు మూడే. పొలం మోటారుకు ఆ నష్టం అవసరమే లేదు, మధ్యాహ్నం తోడిన నీరు మడిలో నిలుస్తుంది.

బొగ్గు కేంద్రాలను మూసేయమని నేను అనను. 2022 ఏప్రిల్‌లో కరెంటు చాలక పరిశ్రమలకు పవర్ హాలిడే (కరెంటు వాడకంపై కోత) ప్రకటించిన రోజులు మరిచిపోలేదు. ఉన్న కేంద్రాలకు బొగ్గు నిల్వలు సరిగా ఉంచడం ముందు జరగాలి. 2019లో రాష్ట్ర ప్రభుత్వం సౌర, పవన విద్యుత్ ఒప్పందాలను తిరగదోడితే 2022లో హైకోర్టులో చుక్కెదురైంది. ఇలా విధానం మారినప్పుడల్లా పడే భారం ట్రూఅప్ (అంచనాకు మించిన ఖర్చును తర్వాత వసూలు చేయడం) పేరుతో మా బిల్లుల్లోకే వస్తోంది.

వ్యవసాయ ఫీడర్లను (పొలాలకు కరెంటు తెచ్చే లైన్లను) వేరుచేసి, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు మోటార్లు నడిచే త్రీఫేజు కరెంటు ఇచ్చి, ఆ తర్వాత కూడా సాయంత్రం కొరత ఎంత మిగిలిందో లెక్క తేల్చి, అప్పుడు కొత్త థర్మల్ కేంద్రం మాట ప్రజల ముందు పెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక రైతు, నంద్యాల జిల్లా