వార్షిక నివేదిక 2024-25: ముందు ఫొటో, తర్వాతే బకెట్

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘానికి తొమ్మిది పాత కంప్యూటర్ కీబోర్డులు వచ్చాయి. ఎనిమిదింటికి పూర్తి ఫొటోలు ఉన్నాయి. తొమ్మిదోదానికి లేవు. ఎందుకు లేవో కార్యదర్శిగా నేనే చెప్పుకోవాలి.

ముందు మంచి కబురు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో మన సభ్యుడొకాయనకు ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు దొరికింది. తూకానికి పోయే సామాన్ల కుప్పలోంచి లాగితే రెండు కిలోలకు పైనే ఉంది, ఆ బరువుకే అనుమానం వచ్చిందట. వెనక లేబుల్ మీద 1989 అని ఉంది. 1985లో మొదలైన ఈ రకంలో ఒక్కో కీ కింద ఒక్కో స్ప్రింగ్. వేలు నొక్కుతుంటే కాసేపు ఓర్చుకుని, ఉన్నట్టుండి పక్కకు వంగిపోతుంది. దాంతో అడుగునున్న చిన్న ప్లాస్టిక్ పలక ఊగి, నొక్కును కంప్యూటర్‌కు పంపే పల్చటి పొరను తాకుతుంది, టక్కుమని మోగుతుంది. మనకు దొరికినదాని లోపల ప్లాస్టిక్ రివెట్లు సగం విరిగిపోయి గలగలలాడాయి. వాటి బదులు సన్న బోల్టులు బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పుడది చక్కగా పనిచేస్తోంది. మా పక్కింటావిడ కుట్టుమిషన్ కొన్నారా అని అడిగింది.

ఇక తొమ్మిదోది. మూతపడిన ఒక డీటీపీ సెంటర్ నుంచి వచ్చింది. కీబోర్డు మామూలుదే, కానీ కీల మీద తెలుగు స్టిక్కర్లు, ఇన్‌స్క్రిప్ట్ అమరికలో. 1980ల్లో ప్రభుత్వం భారతీయ భాషలకు కలిపి ఖరారు చేసిన అమరిక ఇది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. హిందీ 'క' ఉన్న చోటే మన 'క' ఉంటుంది. పొల్లు మాత్రం ఇంగ్లిష్ 'డి' కీ మీద. మనకు ఒత్తు రాయాలంటే ప్రతిసారీ పొల్లు కొట్టాల్సిందే కాబట్టి ఆ కీ అద్దంలా నునుపెక్కింది. స్టిక్కర్ ఎప్పుడో పోయింది. ఆపరేటరమ్మ చిన్న కాగితం ముక్క మీద బాల్‌పెన్నుతో పొల్లు గీసి, పైన సెల్లోటేపు అతికించుకున్నారు.

నేను చేసిన పని ఇది. పచ్చబడ్డ ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెడితే తెల్లబడుతుందని విన్నాను. మే నెల, హైదరాబాద్ ఎండ, ఇంకేం కావాలి! ఫొటో తీయకుండానే కీలన్నీ ఊడదీసి బకెట్‌లో వేశాను. సాయంత్రానికి ప్లాస్టిక్ పాలలా తెల్లబడింది. స్టిక్కర్లు నీళ్ల మీద తేలుతున్నాయి. బాల్‌పెన్ను పొల్లు ఏ ముక్క మీద ఉందో కూడా తెలియలేదు. కొత్త స్టిక్కర్లు బజార్లో దొరుకుతాయి, ఆ కాగితం ముక్క దొరకదు. ఆపరేటరమ్మకు ఫోన్ చేసి చెబితే నవ్వేశారు. "అది మూడోసారి గీసింది బాబూ, దాన్ని కూడా ఫొటో తీస్తారని నాకేం తెలుసు?" అన్నారు.

ఆ తర్వాతే కార్యవర్గం ఒక నియమం పెట్టింది. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందే ఫొటోలు తీయాలి: పైనుంచి ఒకటి, వెనక లేబుల్, ప్లగ్గు, ఒక కీ అడుగుభాగం. ఫ్లాష్ వద్దు, కీల మీద తెల్లటి మచ్చ పడుతుంది. ఉదయం పూట కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తే ఏ కీ ఎంత అరిగిందో మెరుపును బట్టే తెలిసిపోతుంది. నా మటుకు ఆ ఏటవాలు ఫొటోయే అసలైనది, మిగతావి రికార్డు కోసం.

నెలవారీ సమావేశాల్లో బాగా నడిచింది ఏడీఎం-3ఏ టెర్మినల్ (పెద్ద కంప్యూటర్‌కు తగిలించి వాడే తెర, కీబోర్డు) మీద జరిగిన చర్చ. 1976లో లియర్ సీగ్లర్ కంపెనీ తెచ్చిన ఈ టెర్మినల్ మనలో ఎవరి దగ్గరా లేదు, ఫొటోలే చూశాం. దాంట్లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ కీల మీదే ముద్రించి ఉంటాయి. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ అనే ప్రోగ్రామర్ వీఐ ఎడిటర్ (ఫైళ్లలో రాత దిద్దే ప్రోగ్రాం) రాసింది దీని మీదే కాబట్టి, కర్సర్ కదపడానికి ఆ అక్షరాలే స్థిరపడ్డాయి. ఇరవై ఏళ్లుగా సర్వర్ల మీద ఈ నాలుగు కీలు కొడుతున్న సభ్యుడొకాయన, "ఎవడో తిక్కలోడు పెట్టాడనుకున్నా" అన్నాడు. కర్సర్‌ను తెర మొదటికి తీసుకెళ్లే హోమ్ కూడా టిల్డా (~) గుర్తున్న కీ మీదే ఉంది. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో హోమ్ డైరెక్టరీకి, అంటే వాడేవాళ్ల సొంత ఫోల్డర్‌కు, ఆ వంకర గీత ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది.

ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి సభలో చదువుతారు. చందా బాకీ ఉన్నవాళ్లు దయచేసి ఆరోజే కట్టేయండి.

మీ ఇళ్లలో, తెలిసినవాళ్ల ఆఫీసుల అటకల మీద తెలుగు అక్షరాలున్న కీబోర్డు ఏదైనా ఉంటే చెప్పండి. పనిచేయకపోయినా ఫర్వాలేదు. తుడవకండి, దుమ్ముతోనే తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి