నొప్పుల పొడి ఇక మన కొట్లో దొరకదు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, అటు పాతపట్నం నుంచి మన కొట్టుకి వచ్చే అందరికీ నమస్కారం.

దసరా తర్వాత మన దగ్గర ఆకుపచ్చ ప్యాకెట్లో అమ్మిన కీళ్ల నొప్పుల పొడిలో స్టెరాయిడ్ కలిసింది. విశాఖపట్నంలో ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయిస్తే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, దాంతో పాటు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఉన్నట్టు తేలింది. ప్యాకెట్ మీద మాత్రం సొంఠి, అశ్వగంధ, శల్లకి, గుగ్గులు తప్ప ఇంకో పేరు లేదు.

మీ ఇంట్లో ఆ ప్యాకెట్ ఉంటే పారేయకండి. రోజూ వాడుతున్నవాళ్లు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయనూ వద్దు. కల్తీ పొడి అని చెబుతూ ఆపొద్దంటుందేమిటి అనిపిస్తుంది. కారణం ఉంది. స్టెరాయిడ్ బయటి నుంచి రోజూ అందుతుంటే, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తాము చేయాల్సిన పని తగ్గించేసుకుంటాయి. హఠాత్తుగా ఆపితే అవి వెంటనే అందుకోలేవు. విపరీతమైన నీరసం, కళ్లు తిరగడం, వాంతులు, బీపీ పడిపోవడం ఇవన్నీ రావచ్చు. ఒక చెంచా పొడిలో మందు ఎంత ఉందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకని ప్యాకెట్ చేత్తో పట్టుకుని ఈ రోజే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. ఎప్పటి నుంచి వాడుతున్నారో, ఎంత వాడుతున్నారో దాచకుండా చెప్పండి. ఎలా ఆపాలో ఆయన చెబుతారు. షుగర్ ఉన్నవాళ్లు ముందుగా షుగర్ చూపించుకోండి, స్టెరాయిడ్‌తో అది బాగా పెరుగుతుంది. బీపీ, కిడ్నీ జబ్బు, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లకి డైక్లోఫెనాక్ వల్ల ఇంకో ప్రమాదం. మలం నల్లగా తారులా వస్తే మర్నాటి దాకా ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లిపోండి. ల్యాబ్ రిపోర్టు కాపీ కొట్లో ఉంది, డాక్టరుకి చూపించడానికి అడిగితే ఇస్తాను.

ఇది ఎలా బయటపడిందో కూడా మీకు చెప్పాలి. ఊళ్లో నాలుగు రకాలుగా అనుకుంటున్నారు, నా కొట్టు గురించి నా నోటే వినడం మీకు న్యాయం.

నా జబ్బు సంగతి మీలో చాలామందికి తెలుసు. యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముక అడుగున తుంటి ఎముకతో కలిసే కీళ్ల దగ్గర వాపుతో మొదలై పైకి పాకుతుంది. మామూలు నడుం నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరుగుతుంది, లేచి తిరిగితే సర్దుకుంటుంది. తెల్లవారేసరికి నడుం కొయ్యలా బిగుసుకుపోయి ఉంటుంది. అందుకే నా కథలన్నీ నిలబడి రాసినవే. బీరువా పక్కన ఎత్తు బల్ల ఉంది, దాని మీద కాగితాలు పెట్టుకుని కాసేపు రాస్తాను, గోడకి వీపు ఆనించి కాసేపు నిలబడతాను, మళ్లీ రాస్తాను. కూర్చుని రాసే వాళ్లని చూస్తే ఇప్పటికీ అసూయే.

డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటాను. నువ్వుల నూనె రాసుకుంటాను. వావిలాకు కాచిన నీళ్లు పోసుకుంటాను. భుజంగాసనం, మార్జాలాసనం ఏ రోజూ మానను. వీటిలో దేన్నీ ఇంకోదానికి పోటీగా నేనెప్పుడూ నిలబెట్టలేదు. నొప్పి పూర్తిగా పోతుందని ఎవరికీ చెప్పలేదు. నాకే పోలేదు, మీకు ఎలా చెబుతాను?

మొదట్లో మనం అమ్మిన పొడి పాతపట్నం వైపు ఒక పెద్దాయన చేసేవారు. పొడిని వేళ్ల మధ్య నలిపితే బంక తగిలి కొంచెం అంటుకునేది, సొంఠి ఘాటు ముక్కుకి కొట్టేది. అది నిదానంగా పనిచేసేది, కొందరికి అసలు పనిచేసేది కాదు. ఆ మాట నేను చెప్పే అమ్మేదాన్ని. ఆయనకి చూపు తగ్గి పని మానేశారు, పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. అప్పుడు దూరపు ఊరి సప్లయర్ దగ్గర తీసుకున్నాను. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ అన్నీ ప్యాకెట్ మీద ఉన్నాయి. బిల్లు కూడా ఇచ్చాడు. మొదటి లాట్లు మామూలుగానే ఉన్నాయి. దసరా తర్వాత వచ్చిన లాట్ వేరు.

ఏ సరుకైనా ముందు నేను వాడతానని మీకు తెలుసు. ఈ లాట్ వాడిన కొద్ది రోజులకే పొద్దున్నే ఇట్టే లేచి కూర్చున్నాను. ఇన్నేళ్లలో అలా లేవలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టలేదు, కానీ అలసటా లేదు. తెల్లవార్లూ రాశాను. ఎన్నాళ్లుగానో ముందుకు సాగని కథ ఒకటి ఆ రాత్రుల్లోనే పూర్తయింది. ఆకలి మాత్రం విపరీతం, అన్నం తిన్న గంటకే మళ్లీ వంటింట్లోకి వెళ్లేదాన్ని. ఆ ఆకలిని గుర్తుపట్టాను. ఈ జబ్బున్న కొందరికి కంటి లోపల వాపు వస్తుంది, యువైటిస్ అంటారు. నాకు అలా కన్ను ఎర్రబడి చూపు మసకబారినప్పుడు ఆసుపత్రిలో స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించారు. అప్పుడూ ఇదే ఆకలి, ఇదే నిద్రలేమి. అప్పుడు నా కన్ను దక్కింది ఆ మందు వల్లే, అందుకే స్టెరాయిడ్ మీద నాకు ద్వేషం లేదు. డాక్టరు చేతిలో లెక్క ప్రకారం నడిచే మందుని ఎవరికీ చెప్పకుండా సొంఠి పేరుతో మా నోట్లో పోయడం మీదే నా కోపం. పైగా డాక్టరు రాసిన నా నొప్పి మాత్ర కూడా డైక్లోఫెనాక్ జాతిదే. రెండూ కలిస్తే కడుపుకీ కిడ్నీకీ ఎంత చెరుపో ఆ సప్లయర్‌కి తెలియదా?

అనుమానం వచ్చిన రోజే ప్యాకెట్లు అరలోంచి తీసి లోపల పెట్టి తాళం వేశాను. కొన్నవాళ్లలో ఫోన్ నంబరు ఉన్న ప్రతివాళ్లకీ చేసి చెప్పాను. రిపోర్టు వచ్చాక సప్లయర్‌కి ఫోన్ చేశాను. అరవలేదు. రిపోర్టు చదివి వినిపించాను, అంతే.

"మేడం, మీ కస్టమర్లకి నొప్పి తగ్గిందా లేదా? అది చెప్పండి ముందు" అన్నాడు.

తగ్గింది, అందుకే అడుగుతున్నానన్నాను.

"మరింకేం? మార్కెట్లో ఇప్పుడు అందరూ ఫాస్ట్ రిలీఫ్ అడుగుతున్నారు. మీ పాత పొడిలాంటివి ఎవరు కొంటారు?"

పాత పొడి నా దగ్గర ఎంతమంది కొన్నారో అతనికేం తెలుసు? డబ్బు వెనక్కివ్వమంటే, పేరు మార్చి వేరే సరుకు పంపుతానన్నాడు. ఆ తర్వాత ల్యాబ్ వాళ్లకి డబ్బిచ్చి రిపోర్టు రాయించుకున్నానని ఎవరితోనో అన్నాడట. ఆ మాట నాకు గుచ్చుకుంది. రాసి బతికేదాన్ని, నా పేరు కింద ఒక్క అబద్ధపు వాక్యం ఉందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ తర్వాత అతని ఫోన్ ఎత్తలేదు, ఎత్తను కూడా. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, మిగిలిన ప్యాకెట్లు సాక్ష్యంగా సీలు వేసి ఉంచాను. అదే పొడి ఇంకో పేరుతో మన బజార్లోకి రావచ్చు. ఎన్నేళ్ల నొప్పినైనా రెండు మూడు రోజుల్లో మాయం చేసే పొడి ఎవరు అమ్మినా, ముందు అనుమానించండి.

ఇంతవరకూ చేయాల్సినది స్పష్టంగానే ఉంది. నన్ను నలిపేసింది ఆ తర్వాతి ప్రశ్న. ఇంకో మంచి తయారీదారుని వెతికి పొడి అమ్మడం కొనసాగించాలా, పొడులే పూర్తిగా మానేయాలా?

నిజం చెప్పాలంటే నా పోరాటం వ్యాపారంతో ఒక్కటే కాదు. ఆ రాత్రుల్లో రాసిన పేజీలు చూసుకున్నాను. బాగున్నాయి. నొప్పి లేని నేను ఎలా రాస్తానో అప్పుడే తెలిసింది. దీర్ఘకాలపు నొప్పి ఉన్నవాళ్లకి ఆ ఆశ ఎంత పెద్దదో విడిగా చెప్పక్కర్లేదు, మన కొట్టుకి వచ్చేవాళ్లలో సగం మందికి అది అనుభవమే. ఆ ఆశే తన సరుకని ఆ సప్లయర్‌కి బాగా తెలుసు.

వరసకి పెద్దమ్మయ్యే కస్టమర్ ఒకావిడ కొట్టుకొచ్చి, "ఒకడు మోసం చేశాడని శాస్త్రాన్నే వదిలేస్తావా అమ్మాయ్?" అని కోప్పడింది. అదే వారం మా బావగారు, ఆయన డాక్టరు, "ఆకులూ నూనెలూ అంతా ఇంతేనని నేనెప్పుడో చెప్పాను" అన్నారు. ఇద్దరికీ నా జవాబు ఒక్కటే. శాస్త్రాన్ని వదల్లేదు పెద్దమ్మా. డెక్సామెథాసోన్ ఏ ఆయుర్వేద గ్రంథంలోదీ కాదు. బావగారూ, ఈ జబ్బుకి రోజూ వ్యాయామం చేయమని చెప్పేది మీ వైద్యమే. వేడి కాపడంతో బిగుసుకున్న కండరం వదులవుతుందని కూడా మీకు తెలుసు. నూనె రాసి, కాపడం పెట్టి, ఆ తర్వాత ఆసనం వేస్తే నా ఒళ్లు వంగుతుంది. ఊరికే వేస్తే వంగదు. ఇది నా ఒంటి మీద నేను రోజూ చూస్తున్నదే. దీన్ని మోసం అంటే ఒప్పుకోను.

మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష కోసం మన్యంలో తిరిగి మలేరియా పడ్డారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ఆ చెవులతోనే పని సాగించారు, 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. డాక్టరు మందుకైనా, ఆకు మందుకైనా ఒంటి మీద ఏదో ఒక ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు ఎంతో ముందే తెలిసే హక్కు వాడేవాడికి ఉండాలన్నదే నా పట్టుదల. పొడి లోపల ఏముందో నా కంటికి కనపడదు. ప్రతి లాట్‌నీ ల్యాబ్‌కి పంపే స్తోమత నా చిన్న కొట్టుకి లేదు. కాబట్టి కడుపులోకి వెళ్లే మందు ఇక మన కొట్లో ఉండదు. పొడి, మాత్ర, లేహ్యం ఏదీ ఉండదు. ఎంత మంచి కంపెనీదైనా సరే, ఎంత లాభమైనా సరే. ఆలోచించమని చాలామంది అడిగారు. ఆలోచించాకే చెబుతున్నాను.

ఉండేవి నువ్వుల నూనె, వావిలాకు, కాపడం మూటలు. నూనె మన ఊరి గానుగలోనే నా ఎదుట ఆడుతుంది. వావిలాకు సంత రోజున సవర ఆడవాళ్లు కొండ దిగి తెచ్చేదే, పచ్చిది. అంచు రంపపు పళ్లలా ఉన్న ఆకూ, నునుపు అంచు ఆకూ రెండూ వావిలే, తేడా అని కంగారు పడకండి. నూనెని పొయ్యి మీద నేరుగా మరిగించొద్దు, గిన్నెని వేడి నీళ్లలో ఉంచి గోరువెచ్చన చేసుకోండి. కీలు ఎర్రగా వాచి కాలిపోతున్నప్పుడు కాపడం వద్దు. షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు కాపడం అసలే పెట్టుకోవద్దు. చర్మం కాలినా తెలియదు. ఈ మాటలు ఇకపై ప్రతి మూట మీదా తెలుగులో, ఒడియాలో మామూలు మాటల్లో అచ్చవుతాయి.

ఆకుపచ్చ ప్యాకెట్ తెరిచినా తెరవకపోయినా, బిల్లు ఉన్నా లేకపోయినా పూర్తి డబ్బు వెనక్కిస్తాను. సప్లయర్ ఇచ్చాడా లేదా అన్నది నా తలనొప్పి, మీది కాదు. ముందు డాక్టరుకి చూపించండి, ఆ తర్వాతే నా దగ్గరికి తీసుకురండి. రాలేని పెద్దవాళ్లు కబురు చేస్తే మా అబ్బాయి ఇంటికొచ్చి తీసుకుంటాడు.

కొట్టు ఎప్పటిలాగే పొద్దున్న తొమ్మిదికి తెరుస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మూసి ఉంటుంది, అది నేను రాసుకునే వేళ. పాత పొడి ఎక్కడైనా దొరుకుతుందా అని అడగడానికి దయచేసి ఫోన్ చేయకండి, నా దగ్గర వేరే జవాబు లేదు. వాడిన పొడి వల్ల ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే మాత్రం అర్ధరాత్రి అయినా చేయండి. ఆసుపత్రికి తోడు రావాలంటే వస్తాను.